గోడ మీద ఫోటో

సెప్టెంబర్ 19, శుక్రవారం. పొద్దుటి నుంచి సన్నటి తుంపర, ఏట్లో నీరు కొంచెం పెరిగింది. గట్టు దాటే చెక్కమెట్లకు మేకులు కొట్టాను.

ఐలా గారికి,

రేపటి విందులో కప్పు నాకివ్వాలని మన గాలాల క్లబ్బు నిర్ణయించినట్టు కార్యదర్శిగా మీరు రాశారు. దయచేసి ఇవ్వకండి. పట్టిన సాల్మన్ చేపను క్షేమంగా ఏట్లో వదిలినవాడికి ఇచ్చే కప్పు అది.

మొన్న సోమవారం నాకు పడింది ఆడచేప, కడుపు నిండా గుడ్లతో ఉంది. దాన్ని నీళ్లలోనే ఉంచి గాలం తీశాను. అప్పుడు నాతో వచ్చిన ట్యామ్ గట్టు మీంచి ఫోన్ నా వైపు పెట్టి, "పైకెత్తరా, మీ ఆవిడ నమ్మొద్దూ? ఇంకా పైకి! చేప కంటే నీ పొట్టే పెద్దగా కనబడుతోంది!" అన్నాడు. చేపను నీళ్లలోంచి ఎత్తొద్దని కొత్త సభ్యులకు చెప్పేది నేనే. అయినా ఎత్తాను. అతను మళ్లీ మళ్లీ ఫోటోలు తీస్తుంటే నవ్వుతూ నిలబడ్డాను.

తర్వాత దాని తలను ప్రవాహానికి ఎదురుగా పెట్టి, ఊపిరి అందుతుందేమోనని చాలాసేపు పట్టుకున్నాను. మొప్పలు కదల్లేదు. చేతులు వదిలేస్తే వెల్లకిలా తేలి, వంతెన కిందికి కొట్టుకుపోయింది. ట్యామ్ అటు తిరిగి టీ పోసుకుంటున్నాడు.

"ఈదుకుంటూ వెళ్లిందా?" అని అడిగాడు.

"ఆ, బాగానే వెళ్లింది" అన్నాను.

ఆ ఫోటో క్లబ్బు గోడకు పెట్టారని విన్నాను. దాన్ని కూడా తీసేయండి. చూసినవాళ్లు అలాగే ఎత్తి పట్టుకోవాలనుకుంటారు. ట్యామ్‌ను ఏమీ అనకండి, ఎత్తింది నేను.

రేపు విందుకు నేను రాలేను. ఎవరైనా అడిగితే ఒంట్లో బాగోలేదని చెప్పకండి. చేప చచ్చిపోయిందని చెప్పండి.