పనస తొనలు ఆరబెట్టే యంత్రం, పదహారు వారాలు

హోర్సెన్స్, డెన్మార్క్,
9 జులై 2009.

ప్రత్యేక యంత్రాల ఎగుమతి పరిశీలనాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: వియత్నాంకు పంపవలసిన ఒక యంత్రమునకు అనుమతి పదహారు వారాలుగా రాకపోవుట గురించి.

హోర్సెన్స్ వాస్తవ్యుడను, యంత్రశాల యజమానిని అయిన బోర్గె క్విస్ట్‌గోర్ అను నేను సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. మా నాన్నగారి కాలం నుంచి మేము సరుకును గడ్డకట్టించి ఆరబెట్టే యంత్రాలు చేస్తున్నాము. కిందటి శరదృతువులో మాంద్యం మొదలైన తరువాత యూరప్‌లో ఒక్కరు కూడా యంత్రం అడగలేదు. ముప్పై నలుగురు పనివారిలో పంతొమ్మిది మందిని ఒక్కొక్కరినీ నా గదిలోకి పిలిచి, నేనే ఇంటికి పంపాను.

2. ఫిబ్రవరిలో వియత్నాం నుంచి డాంగ్ థి లియెన్ అనే ఆవిడ వచ్చారు. ఆమెది పనస తొనలు ఆరబెట్టి అమ్మే కంపెనీ. వచ్చీ రాగానే నా వయసు అడిగారు. అరవై ఒకటి అన్నాను. అప్పటి నుంచి నేను ఆమెకు బాబాయిని. ఒక యంత్రం చేయమన్నారు, అది బాగుంటే మరో నాలుగు అన్నారు. ఇంటికి పంపినవారిలో ఏడుగురిని వెనక్కి పిలిచాను.

3. ఇటువంటి యంత్రంలో రోగక్రిములను కూడా ఆరబెట్టి ఆయుధంగా దాచవచ్చును గనుక అనుమతి తప్పనిసరి అని చట్టం. దానితో నాకు తగవు లేదు. మార్చి 17న దరఖాస్తు పెట్టాను. ఏప్రిల్‌లో తమ కార్యాలయం, పనస కాక ఇందులో ఇంకేమి ఆరబెట్టవచ్చునో పూర్తి జాబితా జతపరచవలెనని రాసింది. జాబితా రాసింది మా మేస్త్రీ ప్రేబెన్ స్కౌరుప్. ముప్పై మూడేళ్ల సర్వీసు. స్ట్రాబెర్రీలు, పుట్టగొడుగులు, హెర్రింగ్ చేపలు, కాఫీ, పువ్వులు అని రాసి, చివర రక్తం అని కూడా రాశాడు. దానితో ఫైలు ఇంకో కమిటీకి వెళ్లింది.

ఎందుకు రాశావని అడిగాను. "పూర్తి జాబితా అన్నారుగా. ఒకటి దాచి, కింద సంతకం ఎలా పెట్టను?" అన్నాడు.

4. రక్తానికీ, క్రిములకూ వాడే యంత్రమైతే లోపల ఆవిరితో శుద్ధి చేసే గొట్టాలు ఉండాలి. మా దానిలో అవి లేవు. యంత్రం నక్షాలు రెండుసార్లు పంపాను. జూన్ 11న స్వయంగా కోపెన్‌హాగన్ వచ్చాను. తమ గుమాస్తా మర్యాదస్తుడు, కాఫీ ఇచ్చాడు. పనసపండు తానెప్పుడూ చూడలేదనీ, ఫొటో జతచేస్తే ఫైలుకు బలమనీ సలహా చెప్పాడు. జతచేశాను. పది రోజులకు ఉత్తరం వచ్చింది: "చిత్రములోని వస్తువు యొక్క బరువు, పరిమాణము తెలుపవలెను."

అయ్యా, అది పండు. ఒకటి ఎనిమిది కిలోలు ఉంటుంది, ఇంకొకటి ఇరవై ఉంటుంది. అలాగే రాసి పంపాను. సగటు ఎంత అని మళ్లీ అడిగారు.

5. సోమవారం లియెన్ గారు ఫోన్ చేశారు. "బాబాయ్, నేనైతే ఆగుతాను, పండు ఆగదు. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పండి. లేకపోతే చైనా యంత్రం తెప్పించుకుంటాను. మీదాని అంత మంచిది కాదు. కానీ అది వస్తుంది." ఆమెను తప్పుపట్టలేను.

6. యంత్రం జూన్ మొదట్లోనే పూర్తయింది. ఆ ఏడుగురూ రోజూ పొద్దున్నే వచ్చి, చేసేందుకు ఇంకేమీ లేక దాన్నే తుడుస్తున్నారు. ఏమైందని నన్ను అడగడం మానేశారు. నేను యంత్రశాలలోకి వెళ్తే గుడ్డ ఇంకాస్త గట్టిగా తిప్పుతారు. నేను ఆఫీసులోంచి బయటికి రావడం తగ్గించాను.

కావున అనుమతి ఇప్పించమని ప్రార్థన. ఇవ్వకూడదని తోస్తే, ఇవ్వము అనే రాసి పంపండి. అది చేతిలో ఉంటే ఆ ఏడుగురికీ చెప్పగలను. ఏమీ రాకపోవడాన్ని ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. పై సంగతులన్నీ చిత్తగించి, పనసకాలం దాటకముందే సెలవు దయచేయించవలెను.

తమ విధేయుడు,
బోర్గె క్విస్ట్‌గోర్

తా.క. సంతకం పెట్టి కవరు వెతుకుతుండగా ప్రేబెన్ వచ్చాడు. ఏ యంత్రం వచ్చినా సరే, దాన్ని బిగించి అక్కడి పనివాళ్లకు నేర్పడానికి రెండేళ్లు రమ్మని లియెన్ గారు పిలిచారట. వచ్చే సోమవారం విమానం దొరుకుతుందట. "వెళ్లనా, బోర్గె?" అన్నాడు. వెళ్లమన్నాను. తలుపు దాకా వెళ్లి, "ఆ రక్తం మాట రాయకుండా ఉండాల్సింది" అన్నాడు. కాదు, రాయాల్సిందే అన్నాను.

ఆ యంత్రాన్ని అతడు నక్షా చూడకుండా, మొదటి బోల్టు నుంచి చివరి బోల్టు దాకా కట్టగలడు. అతను వెళ్లడానికి తమ అనుమతి కావాలేమోనని ఇప్పుడే మీ కార్యాలయానికి ఫోన్ చేశాను. ఫోనెత్తిన అమ్మాయి వెంటనే చెప్పింది, అక్కర్లేదు, మనుషులు మా విభాగం కిందికి రారు అని. పదహారు వారాల్లో తమ కార్యాలయం నుంచి నాకు అందిన మొదటి సూటి జవాబు అది.