పాత మిషనుకి ఒక టిక్కు

చిరంజీవి మేనల్లుడికి,

దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం, పేర్లు చెక్కే నా పాత మిషను తప్ప. దాన్ని నడిపే పాత కంప్యూటరుని కొత్తదాని లోపల పెట్టానని చెప్పి వెళ్ళావు. అప్పట్నుంచీ మిషను ఉలకదు, పలకదు. కొత్త కంప్యూటరు స్క్రూలు విప్పి లోపలంతా వెతికాను. తీగలు, ఒక ఫ్యాను తప్ప ఏమీ లేవు. నెలాఖరుకి ఒక షీల్డు చెక్కివ్వాలి. ఆలస్యమైతే పనంతా ఎదురు కొట్టుకి ఇచ్చేస్తానన్నాడు, నాకు పనిచ్చే బహుమతి కప్పుల షాపు ఆసామి. నాకు దిగులుగా ఉందిరా.

ఇట్లు,
మావయ్య

తా.క. అన్నీ బిగించాక ఒక స్క్రూ మిగిలింది. అది నీదా?

---

మావయ్యకి నమస్కారాలు.

దయచేసి ఇంకేమీ విప్పకు! లోపల వేరే కంప్యూటరు లేదు. కొత్తదే పాతదానిలా నటిస్తుంది. దాన్నే వర్చువల్ మిషన్ అంటాం. పాత పరికరాలతో మాట్లాడే ప్రోగ్రాములు, అంటే డ్రైవర్లు, అందులో మామూలుగా ఆపేసి ఉంటాయి. సెట్టింగుల్లో "పాత పరికరాలు" అన్నచోట టిక్కు పెట్టు, చాలు.

నీ మేనల్లుడు

తా.క. స్క్రూ సంగతి అత్తయ్యకి చెప్పకు.

---

ఒరే అబ్బాయ్,

ఏ టిక్కో తెలియక మీ అత్తయ్య కనపడిన ప్రతి గడిలోనూ పెట్టేసింది. ఇప్పుడు కంప్యూటరు తెరమీద ఉన్నదంతా పైకి చదువుతోంది. ఆవిడ దానికి మాటకి మాట అప్పజెబుతోంది. మొగుడూ పెళ్ళాలు దెబ్బలాడుకుంటున్నారనుకుని గిరాకీలు గుమ్మంలోంచే తిరిగిపోతున్నారు. మిషను మాత్రం కదల్లేదు. అసలు పాతవాటిని ముందే ఆపేసి పెట్టిన మహానుభావుడెవడు? వాడి ఇల్లు బంగారం గానూ!

గిరాకీల్ని పిలిచి పిలిచి గొంతు పోయిన మావయ్య

తా.క. వాడి చిరునామా పంపు. అత్తయ్య మాట్లాడుతుందట.

---

మావయ్యా,

మీరు మార్చినవి బయటి కంప్యూటరు సెట్టింగులు. ముందు వర్చువల్ మిషన్‌ని ఆపండి. తరవాత దాని సెట్టింగుల్లో టిక్కు పెట్టండి.

ఆ మహానుభావుణ్ణి నేనే. ఆ వర్చువల్ మిషన్‌ని తయారుచేసేది మా ఆఫీసే. పాత పరికరాలు ఇప్పుడెవరూ వాడరు, ఊరికే తలనొప్పి, ఆపేసి ఉంచుదామన్నాను. అందరూ శభాష్ అన్నారు.

మేనల్లుడు

తా.క. చిరునామా పంపడం లేదు.

---

చిరంజీవికి,

అత్తయ్య నువ్వు చెప్పినట్టే చేసింది. మిషను గుర్రుమని లేచింది. సంతోషంతో నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అప్పుడు గానీ షీల్డుతో వచ్చిన కవరు విప్పలేదు. చెక్కాల్సిన మాటలివి: "పాత పరికరాల బెడద వదిలించిన మా ఉత్తమ ఉద్యోగికి." కింద మీ ఆఫీసు పేరు, దానిపైన నీ పేరు.

మిషను ఒక్క అక్షరం పొల్లు పోకుండా, ముత్యాల్లా చెక్కింది. దానికి చదువు రాదు కాబట్టి సరిపోయింది.

గడువులోపే పని ముగించిన
మావయ్య

తా.క. అత్తయ్యకి చదువు వచ్చు. షీల్డు తనే స్వయంగా తెచ్చి ఇస్తుందట. బస్సెక్కింది.