ఒక్కో పురుగుకు ఒక్కో గిన్నె

అమ్మకు,

తమక ఊరి నుంచి నీ సుజాత దండాలు పెట్టి రాస్తున్న జాబు. నేను బాగున్నాను, వేళకు తింటున్నాను. నాయన మోకాలి నొప్పి తగ్గిందా? అవ్వ మాత్రలు మింగుతోందా, కొంగున కట్టి దాస్తోందా? ఫోన్‌లో "తిన్నావా" అంటే "తిన్నాను" అనేసరికే మన మాటలు అయిపోతాయి. అందుకే రాస్తున్నాను. చెల్లీ, నువ్వు గబగబా చదివేయకుండా అమ్మకు నిదానంగా వినిపించు.

ముందు మంచి మాట. నా పని నిలబడింది. మా ల్యాబ్ మేడమ్ నన్ను పనిలోంచి పంపించడం లేదు.

పోయిన నెల నేను ముభావంగా మాట్లాడానని నువ్వు బెంగపడ్డావు కదా, కారణం ఇదీ. ఇక్కడ నా పని టమోటా కాయను తొలిచే పురుగు మీద. దాని కడుపులో తిన్నది అరిగించే రసాలుంటాయి. ఏ రసం ఎలా తయారుచేయాలో దాని ఒంట్లోనే రాసి ఉంటుంది. ఆ రాతనే జన్యువు అంటారు. మొక్క కూడా ఊరుకోదు. తనను తిన్న పురుగుకు అరగకుండా ఆకులో ఒక పదార్థం తయారుచేసుకుంటుంది. అప్పుడు పురుగు ఏం చేస్తుందో నేను చూడాలి.

మొదటి విడత పురుగులు రాగానే మన ఇంట్లో పట్టుపురుగులకు చేసినట్టే చేశాను. చెప్పులు బయట విప్పి, చేతులు కడుక్కుని, తట్టలో ఆకు పరిచి అన్నిటినీ కలిపి వదిలాను. ఇవి ఒకదాన్నొకటి తింటాయని పుస్తకంలో చదివినదాన్నే. అయినా చేతులు నీ దగ్గర నేర్చిందే చేశాయి. తెల్లారి చూస్తే బాగా బలిసిన పురుగులు నాలుగైదు, మిగతావాటి తలలు.

"ఇవేమన్నా మీ ఇంటి పట్టుపురుగులనుకుంటివా, పంక్తిలో కూర్చుని తినేదానికి?" అన్నారు మేడమ్. నవ్వుతూనే అన్నా, వెంటనే, "ఈ పంట అయ్యేలోపల ఫలితం రాకుంటే పని ఇంకొకరికి ఇయ్యాల్సొస్తుంది, చూసుకో" అన్నారు.

మా ఇంటి ఓనరు మునెమ్మక్క ఆదుకుంది. ఆమెకు టమోటా తోట ఉంది. పురుగులు కావాలని అడిగితే నడుం మీద చేయి పెట్టుకుని, "ఊరంతా పురుగు పోవాలని మందు కొడ్తా ఉంటే, నువ్వు పురుగు కావాలని వచ్చినావా పాపా? ఏరుకో. ఇంగా కావాలంటే మా తోటికోడలి తోటలో శానా ఉండాయి. ఆమెను అడగబాకు, నేరుగా పో!" అంది.

ఈసారి ఒక్కో పురుగుకు ఒక్కో చిన్న గిన్నె. కొన్నిటికి మామూలు మేత, కొన్నిటికి మొక్క పదార్థం కలిపిన మేత. తర్వాత ఏ రాత పనిచేస్తోందో చూడడానికి పురుగును ఐసు మీద పెట్టి, కోసి పేగు తీయాలి. మొదటిరోజు నీ ముఖం గుర్తొచ్చి కత్తి కింద పెట్టేశాను. పురుగుల గదిలో గట్టిగా మాట్లాడినా ఒప్పుకోవు నువ్వు. తీసిన పేగులు రెండుసార్లు పాడయ్యాయి. చివరికి కుదిరింది.

ఏం కనబడిందో తెలుసా? మేతలో ఆ పదార్థం కలిసేసరికి, పురుగు మామూలు రసం తగ్గించి, దానికి లొంగని ఇంకో రసాన్ని ఎక్కువ చేసుకుంది. బియ్యం అయిపోయిన రోజు నువ్వు ఎవరికీ చెప్పకుండా పొయ్యి మీద సంగటి ఎక్కించినట్టు. మేడమ్ మళ్ళీ మళ్ళీ చూసి, "సరిగ్గా ఉండాది. ఇంగ యాడికీ పోబాకు, ఇక్కడే చెయ్యి" అన్నారు. నేను బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చాను. ఆ రెండో రసాన్ని కూడా ఆపగలిగితే మునెమ్మక్కకు మందు కొట్టే బాధ తగ్గుతుంది. అది ఇంకా దూరంలే.

ఇక్కడ పొద్దున చలి బాగా ఉంది. స్వెటర్ వేసుకుంటున్నాను, భయపడకు. పక్క గది అమ్మాయిలు మంచివాళ్ళే. కానీ నేను వచ్చే వేళకు వాళ్ళు రాత్రి పనికి ఇక్కడి నరసాపురం ఫ్యాక్టరీ బస్సెక్కుతారు. ఎవరైనా ఇటు వస్తుంటే చెనిక్కాయల పొడి పంపించు, కారం కొంచెం ఎక్కువ వేసి.

ఇంకొక్కటి అడుగుతాను. మన ఇంట్లో పురుగులూ మనమూ ఒకే కప్పు కింద పడుకునేవాళ్ళం. ఇక్కడ గిన్నెకొక పురుగు, గదిలో నేనొక్కదాన్ని. చప్పుడే ఉండదు. మన పురుగులు మేత మానేసి పడుకునే నాలుగో జ్వరం నుంచి లేచి, పాత చర్మం విడిచి ఆకు మీద పడతాయి కదా, ఆ రోజు నాకు ఫోన్ చేసి తట్ట పక్కన పెట్టు. ఎవరూ ఏమీ మాట్లాడొద్దు. అవి వాన చప్పుడులా ఆకు తింటుంటే కాసేపు వింటాను.

నాయనకూ అవ్వకూ దండాలు, చెల్లికి ముద్దులు. నీ చేయి నా తల మీద ఉన్నట్టే అనుకుంటూ,

నీ పెద్దకూతురు
సుజాత