స్టాండర్డా, స్ట్రోకరా? పదిహేనో తారీఖులోగా తేల్చేస్తాను

1వ తారీఖు, సోమవారం. ఉదయం 6.10

ఈ రోజు నుంచి నేను నిర్ణయాలు తీసుకునే మనిషిని.

కారు ఇంజను పోయి నెలన్నర అయింది. ఎవరివల్ల పోయిందంటే, సొంత డైరీకి అబద్ధం చెప్పడం ఎందుకు, నావల్లే. టర్బో ఉన్న బండి కదా, ఇంకాస్త గాలి ఊదితే ఇంకాస్త లాగుతుందని బూస్టు స్క్రూ ఒక చుట్టు తిప్పాను. లాగింది. వారం రోజులు భేషుగ్గా లాగింది. ఎనిమిదో రోజు వంతెన ఎక్కుతుంటే వెనక నీలం పొగ. "ఏదో మాడుతోందండీ" అంది పక్కన కూర్చున్న మా ఆవిడ. "మనది కాదులే, ముందు బండిది" అన్నాను. ముందు బండి ఏదీ లేదు.

ఇప్పుడు ఆ ఇంజను ముక్కలు ముక్కలుగా లేత్ మాస్టారి షాపులో ఉంది. ఆయన అడిగేది ఒక్కటే: స్టాండర్డా, స్ట్రోకరా?

స్టాండర్డ్ అంటే కంపెనీ ఇచ్చిన కొలతల్లోనే మళ్లీ కట్టడం. రెండు లీటర్ల ఇంజను, బుద్ధిగా. స్ట్రోకర్ అంటే అదే బ్లాకులో, పిస్టన్లను ఆడించే ఇరుసు, అదే క్రాంకు, పెద్దది వేసి, పిస్టను ఎక్కి దిగే దూరం పెంచడం. రెండు లీటర్లది రెండుకు పైచిలుకు అవుతుంది. టర్బో తొందరగా అందుకుంటుంది, కాలు ఆనిస్తే చాలు బండి లేస్తుంది.

ఇందులో తొందర ఎందుకంటే, మా ఆవిడకు ఆస్పత్రి ల్యాబులో ఇన్‌ఛార్జి పోస్టు ఇస్తామన్నారు. పన్నెండేళ్లు సూదులు గుచ్చీ, సీసాలు కడిగీ సంపాదించుకున్న పోస్టు. షరతు ఒక్కటే. వచ్చే నెల ఒకటి నుంచి, ఉదయం ఆరింటికల్లా ల్యాబు తలుపు తనే తెరవాలి. మొదటి బస్సెక్కి, దిగి, రెండో బస్సెక్కితే తను చేరేది ఆరూ నలభైకి. కారుంటే పాతిక నిమిషాలు. ఈ పదిహేనులోగా అవునో కాదో వాళ్లకు చెప్పాలి. మాస్టారేమో, ఏదో ఒకటి చెప్పిన రోజు నుంచి రెండు వారాలు అంటున్నారు. కాబట్టి లెక్క సరిగ్గా సరిపోతుంది.

తీర్మానాలు:
1. స్టాండర్డ్. మరో మాట లేదు.
2. ఇంజన్ల గ్రూపులు చదవను.
3. బామ్మర్ది మాట చెవిన పెట్టను.
4. పదిహేను దాకా దేనికి, రేపే మాస్టారికి చెప్పేస్తాను. (ఈ రోజు సోమవారం. ఆయనకు పని ఎక్కువ ఉంటుంది.)

2వ తారీఖు, మంగళవారం. మధ్యాహ్నం 1.30, షాపులో

నేను చేసేది కళ్లు పరీక్షించే పని. రోజుకు ముప్ఫైమందిని కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి అడుగుతాను: ఇది బాగుందా, ఇదా? ఒకటా, రెండా?

ఈ ఉదయం ఒక రిటైర్డ్ టీచరమ్మ పదిహేను నిమిషాలు తిన్నది. "రెండూ ఒకేలా ఉన్నాయి బాబూ." మళ్లీ మార్చాను. "ఇందాకటిదే బాగుందేమో. ఏదీ, మళ్లీ పెట్టు." ఒక్క మాటలో తేలిపోయే దానికి మనుషులు ఎందుకింత నాన్చుతారో నాకు అర్థం కాదు.

సాయంత్రం 6.00. మాస్టారికి ఫోన్ చేశాను. ఎంగేజ్. ఇంకోసారి చేస్తే బాగుండదు, మర్యాద ఉండాలి.

4వ తారీఖు, గురువారం. సాయంత్రం 7.15

బామ్మర్ది వచ్చాడు. అక్కను చూడటానికట. అక్క వంటింట్లో ఉంటే, తమ్ముడు నా పక్కన సోఫాలో రెండు గంటలు కూర్చున్నాడు.

"బావా, ఇంజను జన్మకోసారి విప్పుతాం. విప్పాక మళ్లీ అదే బిగిస్తే విప్పడం దేనికి?"

 నిజంగానే దేనికి?

"స్టాండర్డ్ వేశావనుకో, రేపు గుట్ట ఎక్కేటప్పుడు టర్బో లేచేదాకా నోరు తెరుచుకుని కూర్చోవాలి. అప్పుడు గుర్తొస్తా నేను."

మూడో తీర్మానం ప్రకారం చెవిన పెట్టలేదు. చెవులే వాడి దగ్గరికి వెళ్లాయి. ఏడింటికి పెద్ద క్రాంకు ఆర్డరు పెట్టేశాను. ఒంట్లో ఏదో కొత్త హుషారు. ఇన్నాళ్లూ ఎందుకు భయపడ్డానో. స్ట్రోకర్!

మా ఆవిడ పళ్లెం తెచ్చి పెడుతూ, "తేలిందా?" అంది.

"తేలినట్టే" అన్నాను.

6వ తారీఖు, శనివారం. ఉదయం 11.00

రెండో తీర్మానాన్ని కాస్త సడలించి ఒకే ఒక్క గ్రూపు చదివాను. స్ట్రోకర్ వేయించుకున్న ఒకాయన రాశాడు: క్రాంకు పెద్దదయ్యాక దాన్నీ పిస్టనునూ కలిపే రాడ్ పక్కకు వాలడం ఎక్కువైందనీ, పిస్టను సిలిండరు గోడను ఒరుసుకుంటోందనీ, ఏడాదికే నూనె తాగుతోందనీ. కింద నలభైమంది అది తప్పన్నారు. నలభైమంది ఒప్పన్నారు. ఒకడు మాత్రం వాళ్ల కుక్క ఫొటో పెట్టాడు. ఆ గ్రూపులో స్పష్టత ఉన్నది వాడొక్కడికే.

మా ఆవిడకు ఇవాళ సగం పూట డ్యూటీ. వచ్చి చెప్పులు విడిచి, గోడకానుకుని కాసేపు అలాగే నిలబడింది. రెండు బస్సుల్లోనూ సీటు దొరకలేదట. పాదాలు వాచి ఉన్నాయి. చూడలేకపోయాను. ఈ మనిషికి కావలసింది ఆరింటికి ల్యాబు చేర్చే బండి. గుట్టలెక్కే బండి కాదు.

స్టాండర్డే. వెంటనే స్టాండర్డ్ పిస్టన్లు ఆర్డరు చేశాను. క్రాంకు రద్దు చేయబోతే, "ఖచ్చితంగా రద్దు చేయాలనుకుంటున్నారా?" అని అడిగింది ఫోను. అంత సూటిగా అడిగితే ఎవరైనా ఏం చెప్తారు? "తర్వాత" అని ఉంటే నొక్కాను.

9వ తారీఖు, మంగళవారం. సాయంత్రం 6.40

ఆవేశాలతో పని జరగదు. శాస్త్రీయంగా పోవాలి. పట్టిక వేశాను. పద్నాలుగు అంశాలు, ఒక్కోదానికి పది మార్కులు. మన్నిక, ఊపు, దొరికే సామాను, మాస్టారికి అలవాటు, ఇంధనం, శబ్దం, వగైరా.

స్టాండర్డ్: 91.
స్ట్రోకర్: 91.

"ఆనందం" అని పదిహేనో అంశం కలిపాను. స్ట్రోకర్ గెలిచింది. సిగ్గేసి "మనశ్శాంతి" అని పదహారోది కలిపాను. మళ్లీ సమానం.

మా ఆవిడ భుజం మీదుగా తొంగి చూసింది. చాలాసేపు చదివింది. "ఇందులో నేను ఎక్కడున్నాను?" అంది.

వెతికాను. "సామాను మోసే స్థలం" అనే వరుస దగ్గర ఆమె బ్యాగు గురించి రాసుకున్నాను గానీ, అది చూపించలేదు.

"ఆస్పత్రివాళ్లు మళ్లీ అడిగారండీ. ఏమని చెప్పమంటారు?"

"రెండు రోజులు" అన్నాను. ఆమె తల ఊపింది. అరిచి ఉంటే బాగుండేది.

11వ తారీఖు, గురువారం. మధ్యాహ్నం 2.00, షాపులో

కుర్చీలో ఒక బ్యాంకు మేనేజరు. "ఒకటా, రెండా?" అన్నాను. ఆయన తటపటాయించాడు. నాకు ఆయన మీద ఎక్కడలేని జాలి పొంగుకొచ్చింది.

"తొందరేం లేదు సార్. ఇంటికెళ్లి ఆలోచించుకోండి" అన్నాను.

మా ఓనరు కౌంటరు వెనక నుంచి నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.

13వ తారీఖు, శనివారం. మధ్యాహ్నం 12.20

లేత్ మాస్టారు ఫోన్ చేసి, "కళ్ల డాక్టరుగారూ, ఒకసారి వచ్చి పోండి" అన్నారు. డాక్టర్ని కానని పదిసార్లు చెప్పాను. వినరు.

షాపంతా ఇనుప రజను, నూనె వాసన. బల్ల మీద నా బ్లాకు శుభ్రంగా కడిగి ఉంది. క్రాంకూ, పిస్టన్లూ, పార్సిళ్లు రెండూ వచ్చాయట. నేను నిర్ణయించేసుకున్నాననుకుని, సిలిండర్లు తొలిచే ముందు సరిచూద్దామని, పెద్ద క్రాంకు మీద ఒక పిస్టను ఉత్తినే బిగించి చూశారట.

"చూడండి" అని క్రాంకును చేత్తో మెల్లిగా తిప్పారు. పిస్టను పైకొచ్చింది. బ్లాకు అంచు దగ్గర ఆగాలి. ఆగలేదు. అంచు దాటి మూడు మిల్లీమీటర్లు బయటికి వచ్చి నిలబడింది.

"దీని మీద మూతలా హెడ్డు బిగించి స్టార్ట్ చేశామా, మొదటి తిప్పుకే పిస్టను పోయి హెడ్డును గుద్దుకుంటుంది" అన్నారు మాస్టారు. "పెద్ద క్రాంకుకు పొట్టి పిస్టన్లు కావాలి. ఇవి మామూలువి."



ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. దాన్నిచ్చింది నేనే. "నలభై ఏళ్లుగా ఇంజన్లు కడుతున్నాను. ఈ క్రాంకు ఒక మనిషి తెప్పించాడు. ఈ పిస్టన్లు ఇంకో మనిషి తెప్పించాడు. ముందు వాళ్లిద్దర్నీ కూర్చుని మాట్లాడుకోమనండి. ఆ తర్వాత నా దగ్గరికి రమ్మనండి."

"ఎప్పటిలోగా చెప్పమంటారు?"

"నాకేంటి సార్. ఇనుము, పడుంటుంది."

14వ తారీఖు, ఆదివారం. సాయంత్రం 5.30

ఆలస్యానికి కారణాలు, నిజాయితీగా:
1. తప్పుడు సామాను వచ్చింది. (నేనే తెప్పించాను.)
2. బామ్మర్ది. (రమ్మని ఫోన్ చేసింది నేనే. మొన్న ఈ సంగతి రాయలేదు.)
3. ఫోను అడిగే ప్రశ్నలు.
4. మాస్టారు ముందే హెచ్చరించి ఉండాల్సింది. (ఏమని? నా ఇంట్లో ఇద్దరు నేనులు ఉన్నారని?)

మా ఆవిడతో "సామానులో చిన్న తేడా వచ్చింది, మార్చి పంపుతారు" అన్నాను. బట్టలు మడతపెడుతున్నది కాస్తా ఆగింది. "తేడా వాళ్లదా?" అంది.

"ఆఁ" అన్నాను. ఇంజను పోయిన రోజు కూడా ఇదే గొంతుతో చెప్పాను. ఆమెకు అప్పుడూ తెలుసు.

15వ తారీఖు, సోమవారం. సాయంత్రం 6.30

పొద్దున్నుంచీ ఒకటే ఆలోచన. మా ఆవిడ కాదని చెప్పేసి వస్తుంది, ఆ తర్వాత జీవితాంతం ఏమీ అనదు, ఆ ఏమీ అనకపోవడంతో నేను కాపురం చేయాలి. ఇదే అనుకుంటూ కూర్చున్నాను.

ఐదున్నరకు గేటు దగ్గర చప్పుడైంది. బస్సు దిగి నడిచొచ్చే చప్పుడు కాదు. వెళ్లి చూస్తే మా ఆవిడ స్కూటరు దిగి హెల్మెట్ తీస్తోంది.

"చెప్పేశానండీ. చేస్తానని."

"ఇదెక్కడిది?"

"ఆస్పత్రి స్టాండులో రెండు అమ్మకానికి ఉన్నాయి. నర్సొకామెది ఒకటి, కాంపౌండరుది ఒకటి. మధ్యాహ్నం భోజనం వేళ చూసొచ్చా."

"రెండూ నడిపి చూశావా? ఇంజను ఎన్ని సీసీ? దాని మైలేజీ, దీని..."

"ఇది దగ్గరగా పెట్టి ఉంది. తీసుకున్నా."

చదువుకునే రోజుల్లో నడిపేదట. పెళ్లయి పన్నెండేళ్లు, నాకు తెలియదు. హెల్మెట్ వల్ల జుట్టు అణిగిపోయి, బుగ్గలు ఎర్రబడి, ఏదో వేరే మనిషిలా ఉంది. బాగుంది. అది కూడా నోరు తెరిచి చెప్పలేకపోయాను.

లోపలికి వెళ్తూ నా భుజం తట్టింది. ఎగతాళిగా కాదు, ప్రేమగానే. "ఇక కారు గురించి కంగారు పడకండి. తీరిగ్గా తేల్చుకోండి. ఎవరికీ తొందర లేదు."

ఇంతకంటే పెద్ద శిక్ష ఉంటే ఎవరైనా చెప్పండి.

16వ తారీఖు, మంగళవారం

రాయడానికేమీ లేదు.

1వ తారీఖు, బుధవారం. ఉదయం 9.40

ఈ రోజు ఆమెకు కొత్త పోస్టులో మొదటి రోజు. ఐదుంబావుకు లేచి చూసేసరికి వెళ్లిపోయింది. టేబుల్ మీద నా టిఫిను మూతపెట్టి ఉంది. నన్ను లేపలేదు. లేపితే మాత్రం నేను చేసేదేముంది? దించి రావడానికి బండి లేదు.

తొమ్మిదింటికి మాస్టారికి ఫోన్ చేశాను.

"స్టాండర్డ్. నా పాత క్రాంకు బాగుందా?"

"దానికేం, గుండులా ఉంది."

"అదే వేయండి. పెద్దది వెనక్కి పంపేస్తాను."

"టర్బో? ఇదే ఉంచనా, కాస్త పెద్దది చూడమంటారా?"

"ఇదే."

"ఖాయమేనా సార్?"

"ఖాయం. స్క్రూ కూడా వెనక్కి తిప్పేయండి."

పెట్టేశాక చూశాను. నలభై సెకన్లు మాట్లాడాను. రెండు నెలల్లో ఆ నలభై సెకన్లు నాకు దొరకలేదు. ఆమెకు అవసరం తీరిపోయాక, ఎవరూ ఎదురుచూడనప్పుడు, ఎంత తేలిగ్గా దొరికాయో. నాకు ఏడుపు వచ్చింది. కాసేపు ఏడ్చాను కూడా. డైరీ కదా, రాయొచ్చు.

కొత్త తీర్మానాలు, ఈ రోజు నుంచే:
1. పట్టికలు వేయను.
2. తప్పు నాదైతే నాదనే చెప్తాను. నీలం పొగ సంగతి ఈ సాయంత్రమే చెప్తాను.
3. రేపటి నుంచి ఆమెకంటే ముందు లేస్తాను. నాలుగున్నరకు. వేడివేడిగా ఫ్లాస్కులో పోసి, స్కూటరు దగ్గర చేతికిస్తాను.

టీయా, కాఫీయా? రెండూ తాగుతుంది. పొద్దున్నపూట టీ తాగినట్టు గుర్తు. కానీ ఆస్పత్రిలో కాఫీ అలవాటైంది అన్నట్టు కూడా గుర్తు. ఆమెను అడగను. ఇది నేనే తేల్చాలి.

సాయంత్రంలోగా తేల్చేస్తాను.