మెడ విరవని సెలూన్

అత్తయ్యగారికి మీ పెద్ద కోడలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ పెద్దా చిన్నా అందరం కులాసా. ఈ ఒక్క మాట మనస్ఫూర్తిగా రాయగలిగే రోజు కోసమే ఉత్తరం ఇంత ఆలస్యం చేశాను. మీ మోకాలి నొప్పి తగ్గిందని మరిది ఫోన్లో చెప్పాడు. సంతోషం. తగ్గింది కదా అని మేడమెట్లు ఎక్కకండి.

మీరు అడిగినవాటికి జవాబులు. మీ మనవరాలికి ముందుపన్ను ఊడింది. ఆ సందులోంచి ఈల వేయడం నేర్చుకుని మా చెవులకు చిల్లులు పొడుస్తోంది. రోజంతా ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పితే నాకు జలుబు చేయదా అన్నారు. చేపకు జలుబేమిటి అత్తయ్యా? ఇక మీ అబ్బాయి గురించి, "వాడి గొంతు ఏదోలా ఉంది, సెలూన్ సరిగ్గా నడవడం లేదా" అన్నారు. దానికి ముందు మా కొలనులో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి.

వేసవి మొదట్లో ఒక ఆదివారం పనిచేసేవాళ్ల ఇళ్లవాళ్లను కూడా ఈతకు రానిచ్చారు. ఒక మనిషి సరదాకొద్దీ పరుగెత్తుకొచ్చి గట్టు మీంచి తలకిందులుగా దూకాడు. అక్కడ నీళ్లు నడుము లోతే. గోడ మీద లోతు రాసిన అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయాయి. దూకిన మనిషి బోర్లా తేలాడు. కదల్లేదు. ముందే చెబుతున్నాను, అతను ఇప్పుడు శుభ్రంగా తిరుగుతున్నాడు. స్థిమితంగా చదవండి.

నేను దగ్గరే ఉన్నాను. అతని చేతులు రెండూ తలకు అటూ ఇటూ చాపి, వాటి మధ్య తలను బిగించి పట్టుకుని, ఒళ్లంతా ఒక్కటిగా వెల్లకిలా తిప్పాను. ఊపిరి ఆడుతోంది. చుట్టూ ఉన్నవాళ్లు గట్టు మీదకు లాగబోయారు.

"లాగకండి. మెడ కదిలితే మనిషి మంచానికి అంటుకుపోతాడు," అన్నాను.

"అలా నీళ్లలోనే ఉంచుతావేంటమ్మాయ్, చలికి బిగుసుకుపోడూ?" అన్నాడొక పెద్దాయన.

"బిగుసుకుపోయినా పర్లేదు బాబాయ్, మెడ మాత్రం వంగకూడదు."

అంబులెన్సువాళ్లు దిగి, మెడకు పట్టీ వేసి, పలక మీదకు చేర్చేదాకా అలాగే తేల్చి పట్టుకున్నాను.

అత్తయ్యా, ఆ మనిషి మీ అబ్బాయే.

నీళ్లలో ఆయన నన్ను అడిగింది ఒక్కటే. "చేతులు ఉన్నట్టే తెలియట్లేదే. మళ్లీ కత్తెర పట్టగలనా?"

"పడతారు. మాట్లాడకుండా పైకి చూస్తూ ఉండండి," అన్నాను. నాకేం తెలుసు? తెలిసినట్టు చెప్పాను.

మెడ ఎముకల్లో ఒకటి చిట్లింది గానీ పక్కకు జరగలేదు. వెన్నుపాము కమిలింది, తెగలేదు. చీకటిపడే వేళకు వేళ్లలో చీమలు పాకుతున్నట్టుందన్నారు. అప్పటిదాకా రాయిలా ఉన్నదాన్ని, ఆసుపత్రి వరండాలోకి వచ్చి బావురుమన్నాను. తర్వాత దాదాపు మూడు నెలలు మెడపట్టీ. అన్నాళ్లూ నేనేం చెప్పినా ఆయన నిలువుగానూ తల ఊపలేదు, అడ్డంగానూ ఊపలేదు. కాపురం ప్రశాంతంగా సాగింది. "అమ్మకు తెలిస్తే ఆ మోకాలితోనే పరుగెత్తుకొస్తుంది" అని నాచేత ఒట్టు వేయించుకున్నారు. అందుకే దాచాను. కోప్పడితే ఇద్దరినీ కలిపి కోప్పడండి.

ఇప్పుడు పట్టీ తీసేశారు. చేతులు మునుపటిలాగే ఆడుతున్నాయి. కొలను గోడ మీద లోతు అంకెలు బారెడేసి రాయించాం. నా బ్యాచ్ పిల్లలకు మొదటి పాఠం కూడా మార్చాను. తెలియని నీళ్లలో ముందు కాళ్లు, ఆ తర్వాతే తల.

ఒక్క సంగతికి మీ మాట కావాలి. మామయ్యగారి కాలం నుంచీ మన సెలూన్లో జుట్టు కత్తిరించాక తల పట్టుకుని టక్కున మెడ విరిచి పంపడం అలవాటు కదా. డాక్టరమ్మ ఆయన పనేమిటో అడిగి తెలుసుకుని, "అలా విరిస్తే ఎప్పుడో ఒకరికి లోపలి రక్తనాళం చిరిగి పక్షవాతం రావచ్చు," అంది. అంతే, మానేశారు. బదులుగా భుజాలు పిసుకుతున్నారు. నిన్న ఒక పాత ఖాతాదారు కుర్చీ దిగనంటే దిగనన్నాడట.

"మీ నాన్న నలభై ఏళ్లు విరిచాడు. ఒక్కడికైనా ఏమైనా అయిందా?"

మీ అబ్బాయి తువ్వాలు దులిపి, "నాన్నది హస్తవాసి, నాది నుదుటిరాత బాబాయ్. మీ మెడ మీద మీ అదృష్టాన్ని పరీక్షించను," అన్నారట.

ఆ ఖాతాదారు మూతి ముడుచుకుని, సరే కానిమ్మని భుజాలు అప్పగించి, ఆ సుఖానికి కుర్చీలోనే గుర్రు పెట్టాడట. లేపడానికి మనసొప్పక, తర్వాత వచ్చినతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి మెల్లగా కత్తెర ఆడించారట మీ అబ్బాయి.

మామయ్యగారు ఉంటే ఏమనేవారో మీకే తెలుసు. రాయండి.

ఇట్లు,
మూడు నెలలు మీకు భయపడి, ఇవాళ తేలికపడిన
మీ కోడలు