చెక్క మీద చిప్పలు

శ్రీః

తిరుపతి,
6-12-1984

బావ యతిరాజులుకు సంపత్కుమార్ నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. నీ క్షేమం తెలపమని అలవాటుగా రాసే మాటను ఈసారి కళ్లనీళ్లతో రాస్తున్నాను. ఒంగోలు ఆసుపత్రి నుంచి నువ్వు రాసిన కార్డు నిన్న మధ్యాహ్నం అందింది. మా చెల్లెలు కోమలవల్లి దాన్ని వంట చేస్తూ కూడా నడుముకు దోపుకునే తిరుగుతోంది.

జాలరులు ఒడ్డుకు చేర్చి గంజి పోశారనీ, జ్వరంలో నీ పేరు కూడా చెప్పలేకపోయావనీ రాశావు. ఆ గంజిలో ఏం కలిపారో అడగవద్దని అమ్మకు గట్టిగా చెప్పాను.

ఇక్కడ జరిగింది నీకు తెలియాలి. తుఫానులో మీ లాంచీ గల్లంతైన పదో రోజున మీ చేపల సర్వే ఆఫీసు ప్యూను దామోదరం, శ్రీహరికోట వైపు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒక చెక్కను గోనెపట్టాలో చుట్టి తెచ్చాడు. గూడూరు నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకునే వచ్చాడట. నీలిరంగు, నీళ్లు అంటని మీ లాంచీ పైభాగం రంగే. "దొరికింది ఇదొక్కటే సామీ" అని వాకిట్లో పెట్టి తల వంచుకున్నాడు. పెదనాయన కర్మలకు రోజు చూడమన్నాడు. కోమలవల్లి ఏడవలేదు, నాకు అదే భయం వేసింది. అన్నం ముట్టడం మానేసింది.

ఆ చెక్క అడుగున బార్నకిల్స్ ఉన్నాయి. మెత్తటి కాడ, దాని కొసన తెల్లటి చిప్ప. సముద్రంలో చెక్క తేలినా కొబ్బరికాయ తేలినా ఎక్కి కూర్చుని, టిక్కెట్టు లేకుండా దేశాలు తిరిగే జీవులు. ఎక్కిన రోజు నుంచి పెరుగుతూనే ఉంటాయి కనుక, చిప్ప పొడవును బట్టి చెక్క ఎన్నాళ్లుగా నీళ్లలో ఉందో చెప్పవచ్చు. చెక్కను కాలేజీకి తీసుకుపోయి, సాయంత్రం ఒక చిప్పను కాగితంలో పెట్టి తెచ్చి అందరి ముందూ ఉంచాను. బొటనవేలి కణుపంత ఉంది. ఇంత పెరగడానికి రెండు నెలలు పడుతుంది, తుఫాను వచ్చి పది రోజులే, కాబట్టి ఇది బావ లాంచీది కాదని పాఠం చెప్పాను. ఇంట్లోకి పురుగును తెచ్చానని, పైగా అది ఆసుపత్రి వాసన కొడుతోందని అమ్మ ఇల్లంతా కడిగించింది.

కోమలవల్లి మాత్రం నా చెయ్యి పట్టుకుంది. "ఆయన బతికే ఉండాడని నా తల మీద చెయ్యి పెట్టి చెప్పన్నా" అంది. పెట్టి చెప్పాను. ఆ పూట రెండు ముద్దలు చారన్నం తిన్నది. పెదనాయన కర్మల మాట మానుకున్నాడు.

ఇప్పుడేమో నీ కార్డు. లాంచీ నడుమకు విరిగి చెక్కలు తలా ఒక దిక్కు కొట్టుకుపోయాయన్నావు. అంటే దామోదరం తెచ్చింది మీ లాంచీదే. ఇరవై ఏళ్లుగా జువాలజీ చెబుతున్న వాడి లెక్క ఇంత తప్పిందేమని పెదనాయన ఒకటే నవ్వు. కోమలవల్లి కూడా నవ్వింది. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను బావా.

ఆదివారం నేనూ ఆమే బయలుదేరి వస్తున్నాం. అమ్మ చారుపొడి పంపుతోంది. మందులు మానవద్దు.

ఇట్లు,
ఇన్నాళ్లకు ఊపిరి పీల్చుకున్న
సంపత్కుమార్

తా.క.: ఈ ఉత్తరాన్ని మేం వచ్చేలోగా చించెయ్యి. నా లెక్క తప్పలేదు. ఆ చెక్క మీది చిప్పలు బియ్యపు గింజను మించి లేవు, సరిగ్గా పది రోజులవి. నేను ఇంటికి తెచ్చి చూపించింది కాలేజీలో ఫార్మలిన్ సీసాలోది. అమ్మ ముక్కు మోసపోలేదు. అది మీ లాంచీ చెక్కేనని తెలిసే, నువ్వు ఇక లేవనుకునే, చెల్లెలి తల మీద చెయ్యి పెట్టాను. ఆ రోజు నుంచి నాకూ అన్నం దిగలేదు. నువ్వు బతికి, నా దొంగ ఒట్టును నిజం చేశావు బావా.