అలికిన గోడ

అమ్మా,

నువ్వు పోయాక మొదటి వానలు రాబోతున్నాయి. ఇళ్ల మరమ్మతుకు పంచాయతీ సమితి డబ్బిస్తోందట. ఆఫీసరు చూడటానికొస్తాడని తెలిసి, ఎవరైనా వచ్చేముందు నువ్వు చేసినట్టే, గోడలన్నీ ఎర్రమట్టితో అలికాను. ఆయన జీపు దిగకుండానే, "ఇల్లు బాగానే ఉంది కదా," అన్నాడు.

"కప్పు కారతంది బాబూ, లోపలికొచ్చి సూడండి," అని నాన్న బతిమాలుతుండగానే జీపు కదిలింది.

మన చుట్టూ లాడ్జీలు కడుతున్న షావుకారు అంతా విన్నాడు. "వానకెలాగూ కూలిపోతాది. జాగా నాకిచ్చెయ్," అన్నాడు.

నాన్న ఆఫీసుకి నడిచి వెళ్లి, ఆఫీసరును రేపు మళ్లీ రావడానికి ఒప్పించాడు. ఇంటికొచ్చి, పగుళ్లు కనబడాలని నన్ను గోడలు గీకెయ్యమన్నాడు. గీకుతుంటే అడుగున నువ్వు అలికిన పొర, నీ వేళ్ల చారలతో బయటపడింది.

నాన్న చూశాడు. "ఆ గోడ వొగ్గెయ్ గుంటా, అలాగుండనీ," అన్నాడు.

పక్క గోడ గీకుతున్నాను.